ఐదు కిలోల ఇసుక

వాల్దీవియాలో వాన పడదు,
ఉంటుంది.
ఏప్రిల్ నుంచి, హాస్టల్ గోడకి చెమ్మ ఉన్నట్టు.

యెర్కో పోయిన నాలుగో రోజు
కాలేజీ ఆఫీసులో సెలవు ఫారం ఇచ్చారు.
మృతుడితో సంబంధం అని ఒక గడి.
తల్లి, తండ్రి, తోబుట్టువు, భార్య లేదా భర్త, సంతానం.
పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
రెండేళ్లు ఒకే గది.
ఒకే చార్జరు. ఒకే గొడుగు, దానికీ ఒక ఊచ విరిగింది.
ఎటు తిప్పి పడుకోబెడితే వాడి గురక ఆగుతుందో
వాళ్లమ్మకి కూడా తెలీదు, నాకు తెలుసు.
దానికి గడి లేదు.
కౌంటర్ వెనకావిడ మంచిదే. కళ్లద్దాలు తీసి తుడుచుకుని
"స్నేహితుడికి సెలవు రాదు బాబూ" అంది.

మర్నాడు సాయిల్ మెకానిక్స్ పరీక్ష.
ఇసుక రేణువుల మధ్య ఖాళీ ఎంతో లెక్కకట్టమన్నారు.
కట్టాను. సరిగ్గానే వచ్చింది.

నిల్దా గారు వచ్చి కొడుకు పరుపు చుట్టింది,
బూట్లు మూటగట్టింది,
ఫ్రిజ్‌లో వాడి అరలోంచి పొగబెట్టిన మిరపపొడి సీసా తీసి
మూత తిప్పి, వాసన చూసి
నా అరలో పెట్టింది.
బీరువా మీది అలారం గడియారం మర్చిపోయింది.
ఫోన్ చేసి చెప్పొచ్చు.
చెప్పలేదు.

అది రోజూ ఐదున్నరకి మోగుతోంది.
మొదటి వారం దిండు కింద తల దూర్చాను.
రెండో వారం అది మోగకముందే మెలకువ.
మూడో వారం ఒకరోజు బ్యాటరీ పీకేసి,
రాత్రి పడుకోబోయే ముందు
దొంగలా లేచి, మళ్లీ వేశాను.

పక్కగది క్రిస్తోబల్ రాత్రి రెండింటికి మెట్లు కడుగుతున్నాడు.
ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.
ఒరియానా జుట్టు పొట్టిగా కత్తిరించుకుని
పరీక్షలకి వీలుగా ఉంటుందంటోంది.
నేనేమో బస్సులో నవ్వాను.
యెర్కో చెప్పిన బిషప్పు, గాడిద జోకు గుర్తొచ్చి
కళ్లనీళ్లు వచ్చేదాకా.
పక్క సీటు ముసలావిడ
ఎందుకో తెలీకుండానే తనూ నవ్వింది.

నియెబ్లా రోడ్డు మలుపులో
పిచ్చుకగూడంత రేకు ఇల్లు వెలిసింది.
లోపల కొవ్వొత్తి, వాడి బైకు నంబరు ప్లేటు.
బస్సులు అక్కడ ఒకసారి హారన్ కొట్టి సాగిపోతాయి.
వాడెవరో డ్రైవర్లకి తెలీదు.
సంబంధం ఏమిటని వాళ్లని ఎవరూ అడగరు.

నిన్న గడియారం మోగగానే
లేచి నది దగ్గరికి వెళ్లాను.
నాకు ఈత రాదు. తెడ్డు ఎన్నడూ పట్టలేదు.
నిజానికి వాడూ తెడ్డు వేసేవాడు కాదు,
పడవకి దారి చెప్పేవాడు.
తెడ్లు వేసేవాళ్లందరూ వదిలొచ్చిన ఒడ్డునే చూస్తూ పోతారు,
ఎదురు చూసే కళ్లు ఒక్క మనిషివే.
ఇప్పుడు ఆ చోట రాయెన్, మొదటి సంవత్సరం పిల్ల.
యాభై కిలోలు. రూలు యాభై ఐదు.
తక్కువైనంత ఇసుక, సంచిలో పెట్టి మొయ్యాలి.

కోచ్ సెపుల్వెదా నన్ను చూసి
ఎందుకొచ్చావనలేదు.
చేతికి పార ఇచ్చాడు.
పోశాను. తూచాను. గుప్పెడు తీశాను. మళ్లీ పోశాను.
నా మోచేతి దగ్గర ఎవరో
"ఇంకొంచెం" అన్నట్టే ఉంది.
కాటా ముల్లు ఊగి ఊగి
ఐదు దగ్గర నిలిచింది.
సంచి మూతి ముడేసి, ఆ పిల్ల కాళ్ల దగ్గర పెట్టాను.
"బరువుగా ఉందా?" అన్నాను, బుద్ధిలేకుండా.
"ఉండాలి కదా" అంది.

చేపల బజారు వైపు సముద్ర సింహాలు
ఆకలికి అరుస్తున్నాయి.
పడవ కదిలింది.
వానలో రాయెన్ గొంతు కీచుగా, కొత్తగా,
ఒకటి, రెండు, మళ్లీ ఒకటి.

రాత్రికి షెడ్డులో సంచి తడి ఆరుతుందట,
కాస్త తేలికవుతుందట.
రేపు మళ్లీ తూచాలి.